మొదటి తరగతి రుసుము, మూడవ తరగతి బొమ్మ

అంగడిలో కిలో నేతికి వెల యిచ్చినవానికి కిలో నేయి రావలెను. తక్కువ తూచిన వర్తకుని పట్టుటకు తూనికలు కొలతల శాఖవారు కలరు. పట్టుబడినచో శిక్షయు కలదు. ఇందులో వివాదము లేదు. కాని నేడు పట్టణములలో ఇంటింట నెలనెలకు కొనబడుచున్న మరియొక సరకు కలదు. ఇంటర్నెట్టు ద్వారా ఫోనునకు, టెలివిజనునకు, కంప్యూటరునకు ప్రవహించి వచ్చు చలనచిత్రమే ఆ సరకు. దీనిని స్ట్రీమింగు అనుచున్నారు. దీనిని కొలుచుట ఎట్లో సామాన్య చందాదారునకు తెలియదు. తక్కువ వచ్చినను కనిపెట్టలేడు. బొమ్మ మసకగా నున్నదని కనిపెట్టిన వాడును తన ఇంటర్నెట్టు మందగించినదని తలచి ఆ కంపెనీవారికి మొర పెట్టుకొనును. వారు పెట్టెను ఒకమారు ఆర్పి వెలిగింపుమని సలహా నిచ్చెదరు. పెక్కు సందర్భములలో దోషము ఇంటర్నెట్టుది కాదు, పెట్టెదియు కాదు. చందా పుచ్చుకొనిన సంస్థయే, ఆ యింటనున్న యంత్రమును నమ్మక, బుద్ధిపూర్వకముగ తక్కువ బొమ్మను పంపుచున్నది. ఈ సంగతిని మా పాఠకుల యెదుట నుంచుట అవసరమని మాకు తోచినది.

బొమ్మ నాణ్యమును అడ్డువరుసల సంఖ్యతో కొలుతురు. 480 వరుసలది సాధారణపు బొమ్మ. 720, 1080 వరుసలవి మేలిరకములు. 2160 వరుసల దానిని 4కే యని పిలుచుచున్నారు. వరుసలోని చుక్కలను సైతము లెక్కకు తెచ్చినచో భేద మింకను స్పష్టమగును. 4కే బొమ్మలో 82,94,400 చుక్కలు కలవు. 480 వరుసల వెడల్పు బొమ్మలో సుమారు 4,10,000. అనగా ఇరువదింట నొక వంతు. చిన్న ఫోను తెరమీద కన్ను ఈ లోటును కొంతవరకు క్షమించునేమో కాని, గోడనుండు నలువదియైదు అంగుళముల టెలివిజను మీద క్షమింపదు.

ఈ కొలత మేము కల్పించినది కాదు. అమ్మువారే దీనిని బట్టి వెల కట్టుచున్నారు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2021 డిసెంబరులో మన దేశమున ధరలు తగ్గించినపుడు, ఫోనులోను, టాబ్లెట్టులోను మాత్రమే చూడదగిన 480 వరుసల చందాను నెలకు 149 రూపాయలుగను, 4కే చందాను 649 రూపాయలుగను నిర్ణయించెను. ఒకేమారు ఎన్ని తెరలపై చూడవచ్చునను విషయమును ఆ వ్యత్యాసములో కలసియున్నది; ఒప్పుకొందము. అయినను పట్టికలో ప్రతి చందాకు నెదుట వరుసల సంఖ్యను అచ్చువేసి చూపుచు, ఇది కావలెనన్న ఇంత, అది కావలెనన్న అంత యని అమ్ముచున్నప్పుడు, వరుసలే సరకు. 649 రూపాయలు చెల్లించిన వాడు తన కంప్యూటరులో తప్పుడు బ్రౌజరు తెరచినచో అతనికి 2160 వరుసలు రావు. 720 వరుసలు చాలుననిన దినములు చాల గడచినవి. తప్పుడు బ్రౌజరని మే మనుటలో ఆ బ్రౌజరు చేసిన తప్పేమియు లేదు. అది లోకములో నెక్కువమంది వాడు క్రోము. సంస్థవారికి నమ్మకము లేని తోవ యని మాత్రమే యర్థము.

ఈ నమ్మకము, అపనమ్మకము ఎట్లు నిర్ణయమగునో కొంచెము వివరింపవలసి యున్నది. సినిమాను పంపు సంస్థ దానిని ఉన్నదున్నట్లు పంపదు. రహస్య లిపిలోనికి మార్చి, తాళము వేసి పంపును. తాళపుచెవి వేరొక చోటినుండి వేరుగ వచ్చును. చెవి నిచ్చుటకు ముందు అచ్చటి యంత్రము చందాదారుని ఫోనును ప్రశ్నించును: నీవెవరవు? నిన్ను చేసినవారెవరు? నీయందు గట్టిగది కలదా? గట్టిగది యనగా ఫోనులోని ప్రధానమైన చిప్పునందు మిగిలిన భాగములనుండి వేరుపరుపబడిన ప్రదేశము. తాళము తీయుటయు, బొమ్మను విప్పుటయు ఆ గదిలోనే జరిగినచో ఫోనులోని ఇతర ప్రోగ్రాములేవియు తొంగిచూడజాలవు. ఫోను యజమానియు తొంగిచూడజాలడు. తన సొమ్ముతో కొని, తన జేబులో పెట్టుకొని తిరుగు వస్తువులో తనకే ప్రవేశము లేని గది యొకటి కలదని ఎందరు యజమాను లెరుగుదురు?

ఈ తాళములు చేయువారు ముఖ్యముగ ముగ్గురు. వైడ్‌వైన్ అనునది గూగులువారిది. ఆ పేరి కంపెనీని వారు 2010లో కొనిరి. ప్లేరెడీ మైక్రోసాఫ్టువారిది. ఫెయిర్‌ప్లే యాపిలువారిది. మూడును అమెరికా సంస్థలే. లోకములో ఏ మూలనుండి ఏ భాషలో సినిమా చూపు సంస్థయైనను, పెద్ద నిర్మాతల చిత్రములను ఫోనులకు పంపదలచినచో ఈ మూడింటిలో ఏదో యొకదానిని ఆశ్రయింపక తప్పుటలేదు. హైదరాబాదులో తీసిన తెలుగు చిత్రమును విజయవాడలోని తెలుగువాడు ఆండ్రాయిడ్ ఫోనులో చూచుటకును చెవి గూగులువారి తాళమునకు సరిపడినదే కావలెను.

వైడ్‌వైన్‌లో తరగతులు కలవు. ఎల్1, ఎల్2, ఎల్3 అని వానిపేర్లు. పని యంతయు గట్టిగదిలో జరుగునది ఎల్1. గట్టిగదితో పనిలేక సాధారణపు ప్రోగ్రాముతోనే జరుగునది ఎల్3. రెండవదాని ఊసు వ్యవహారములో అంతగా వినబడదు. ఎల్3 ఫోనులకు పెద్ద సంస్థలు సామాన్యముగ 480 వరుసలకు మించి పంపవు. మన రైళ్లలో మూడవ తరగతి 1974లో రద్దయినది. ఆ పెట్టెల యిరుకును, మురికిని గూర్చి మన పత్రికలు వ్రాసిన వ్రాతలకు లెక్క లేదు. ఫోనులలో అది తిరిగి పుట్టినది. రైలులోనైనను మూడవ తరగతి ప్రయాణికుడు మూడవ తరగతి రుసుమే చెల్లించెడివాడు. తానెక్కిన పెట్టె ఏ తరగతిదో పెట్టెమీద పెద్ద అక్షరములతో వ్రాసియుండెడిది. ఇచ్చట ఆ రెండును లేవు.

తాళము ఫోనుతో ముగియదు. పెట్టెనుండి టెలివిజనునకు పోవు హెచ్‌డీఎంఐ తీగకును ఒక తాళము కలదు. దానిని ఇంటెల్ సంస్థ కల్పించెను, పేరు హెచ్‌డీసీపీ. 4కే బొమ్మకు దాని 2.2వ కూర్పు కావలెనని నియమము. పెట్టె, మధ్యనుండు ధ్వనియంత్రము, టెలివిజను అను గొలుసులో ఒక్క కొలికి పాతదైనను బొమ్మ తగ్గిపోవును, లేదా తెర నల్లబడును. 4కే టెలివిజనులు వచ్చిన తొలిదినములలో, 2013 ప్రాంతమున, అందరికంటె ముందుగ విశేషధనము వెచ్చించి కొనినవారిలో కొందరికి ఈ కూర్పు లేని యంత్రములే చేరెను. తెరకు 2160 వరుసలు చూపు శక్తి యుండెను. ఆ వరుసలను లోనికి రానిచ్చు ద్వారము మాత్రము లేకపోయెను.

చందా పట్టికల అడుగున చిన్న అక్షరములలో ఒక మాట యుండుట కలదు. మేలిరకపు బొమ్మ లభించుట మీ ఇంటర్నెట్టును, మీ యంత్రముయొక్క శక్తిని బట్టి యుండునని దాని తాత్పర్యము. ఈ మాటయే మాకు అన్నిటికంటె ఎక్కువ అభ్యంతరకరముగ నున్నది. శక్తి వేరు, అనుమతి వేరు. కుంటివాడు నడువలేకపోవుట శక్తికి సంబంధించినది; కాలు బాగుగనున్నవానిని గుమ్మమువద్ద ఆపుట అనుమతికి సంబంధించినది. అనుమతి నిరాకరించి శక్తి లేదని వ్రాయుట న్యాయము కాదు.

ఉదాహరణములు కావలెనన్న కొదువ లేదు. 2017లో వన్‌ప్లస్ కంపెనీవారు 5, 5టి అను ఫోనులను విడుదల చేసిరి. అవి అప్పటి ఆండ్రాయిడ్ ఫోనులలో వేగమునకు పేరొందినవి. వానిలో ఎల్1 లేదు. కొనినవారు గగ్గోలు పెట్టినపిదప 2018 ఫిబ్రవరిలో కంపెనీవారొక మార్గము చూపిరి. ఫోనును తమకు పంపినచో తమ పనివారు దానిని కంప్యూటరునకు తగిలించి ఎల్1 నెక్కించి తిరిగి పంపుదురట. మిగిలిన మార్పులన్నియు రాత్రివేళ గాలిలో వచ్చి చేరుచుండగా ఈ యొక్క మార్పునకు మాత్రము ఫోను ప్రయాణము చేయవలసివచ్చెను. అదే సంవత్సరము ఆగష్టులో పోకో ఎఫ్1 అను ఫోను మన దేశమున 20,999 రూపాయలు మొదలుగా విక్రయమునకు వచ్చెను. స్నాప్‌డ్రాగన్ 845 అను ఆనాటి మేలైన చిప్పు అందులో కలదు. అంత చవుకగ మరెవ్వరు నీయలేదని జనులు ఎగబడి కొనిరి. అందులోను ఎల్3 మాత్రమే. 1080 వరుసలు చూపు తెర, వానిని క్షణములో విప్పు చిప్పు, చెల్లించిన చందా, వేగముగల ఇంటర్నెట్టు అన్నియు నుండి, 480 వరుసల బొమ్మ! 2019లో మార్పు వచ్చి ఎల్1 చేరెను. ఎల్1 చేరినంతమాత్రమున కథ ముగియునని తలపరాదు. సినిమా పంపు సంస్థలలో కొన్ని తమ సొంత పట్టికను పెట్టుకొనును. ఆ పట్టికలో ఫోను పేరెక్కినగాని మేలి బొమ్మ రాదు.

కంప్యూటరుల సంగతియు ఇట్లే యున్నది. నెట్‌ఫ్లిక్స్ 4కే బొమ్మ 2016 నవంబరులో తొలిసారి కంప్యూటరులకు వచ్చినపుడు, ఇంటెల్ వారి ఏడవ తరము చిప్పు, విండోస్ 10, మైక్రోసాఫ్టువారి ఎడ్జ్ బ్రౌజరు మూడును కూడియున్న చోటనే వచ్చును గాని మరెచ్చటను రాదనిరి. అంతకుముందటి యేట గొప్ప ధరకు కొనిన బలమైన యంత్రములకు ప్రవేశము లేకపోయెను. 2020లో యాపిలు కంప్యూటరులకు ఆ భాగ్యము కలిగినపుడు టీ2 యను కాపలాచిప్పు గలవానికే యనిరి. యాపిలువారి 27 అంగుళముల ఐమాక్ తెర 5120 చుక్కల వెడల్పు గలది, 4కే కంటె పెద్దది. కాని 2019 వరకు వచ్చిన ఆ యంత్రములలో టీ2 లేదు గనుక అంత పెద్ద తెరకు 4కే నిరాకరింపబడినది. లినక్సు వాడువారి దుఃఖము వేరొక సంచికకు సరిపోవును.

ఉన్న హక్కు ఊడిపోవుటయు కలదు. 4కే బ్లూరే పళ్లెములను కంప్యూటరులో చూచుటకు ఇంటెల్ వారి ఎస్‌జీఎక్స్ అను గట్టిగది యవసరమని నియమము పెట్టిరి. పిమ్మట ఇంటెల్ వారే 2021 మొదలు తమ క్రొత్త తరముల చిప్పులలోనుండి ఆ గదిని తొలగించిరి. దానితో క్రొత్త కంప్యూటరు కొనినవాడు, పాతదానిలో ఆడిన పళ్లెమును క్రొత్తదానిలో ఆడించుకొనలేకపోయెను. ధనమిచ్చి కొనిన పళ్లెము. అద్దెది కాదు, చందాది కాదు. మరియొకటి. తన ఫోనుపై పూర్తి యధికారము కోరి, పాతబడిన ప్రోగ్రామును తీసి క్రొత్తది వేసికొనదలచి, బూట్‌లోడరు అను మూలద్వారమును తెరచిన యజమాని, పెక్కు ఫోనులలో ఆ క్షణముననే ఎల్1 నుండి ఎల్3కి దిగజారును. కంపెనీవారు మార్పులు పంపుట మానివేసిన పాత ఫోనును ఇంకను నాలుగేండ్లు నడుపుకొనదలచు పొదుపరికి ఇది శిక్ష.

ఇక నిర్మాతల వాదమును వినవలెను. వినకుండ తీర్పు చెప్పుట మాకు సమ్మతము కాదు. కోట్లు వెచ్చించి తీసిన చిత్రమును విడుదలనాడే దొంగప్రతిగ లోకమంతట పంచుచుండగా వారు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా యని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. తెలుగు చిత్రపరిశ్రమ ఈ దొంగతనమువలన పడిన నష్టమును మేము తేలికగ చూచుటలేదు. చిత్రమాడని నిర్మాత మాత్రమే కాదు, అతని కొలువులో దినకూలి పుచ్చుకొను దీపాలవాడును, కుట్టుపనివాడును దానివలన చెడుచున్నారు. 2023లో సినిమాటోగ్రాఫు చట్టమును సవరించి, చిత్రమును దొంగచాటుగ పట్టి పంచువారికి మూడు నెలలకు తక్కువ కాకుండ మూడేండ్లవరకు ఖైదును, మూడు లక్షల రూపాయలకు తక్కువ కాకుండ, చిత్రనిర్మాణవ్యయములో నూటికైదు వంతులవరకు జుల్మానాను విధించుట మంచి పని. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ యను దొంగచిత్రముల స్థలమును నడపెనన్న యభియోగముపై నొకరిని పట్టుకొనిరి. నేరము ఋజువైనచో శిక్ష పడవలసినదే. దొంగకు మే మెన్నడును వకాల్తా పుచ్చుకొనము.

కాని తాళము దొంగను ఆపుచున్నదా? చరిత్ర ఏమి చెప్పుచున్నదో చూడుడు. డీవీడీ పళ్లెములకు వేసిన తాళమును 1999లో ఛేదించు ప్రోగ్రాము వెలువడెను. దానిపై నార్వేలో విచారణకు నిలిచినది యోన్ లెక్ యోహాన్సెన్ అను యువకుడు. అది వెలువడుసరికి అతనికి పదునారేండ్లు నిండలేదు. తాను కొనిన పళ్లెమును తాను చూచుకొనుట నేరము కాదని 2003లో అచ్చటి న్యాయస్థానములు రెండుమార్లు అతనిని విడిచిపెట్టినవి. హెచ్‌డీసీపీ తాళముయొక్క మూలపుచెవి 2010 సెప్టెంబరులో ఇంటర్నెట్టులో బయటపడెను. అది నిజమైనదేయని ఇంటెల్ వారే యంగీకరించిరి. వైడ్‌వైన్ ఎల్3 తాళమును విప్పితినని 2019 జనవరిలో ఒక పరిశోధకుడు ప్రకటించెను. చిత్రము స్ట్రీమింగునకు వచ్చిన కొన్ని గడియలకే దాని నిక్షేపమైన ప్రతి దొంగస్థలములలో ప్రత్యక్షమగుట నేడు కొత్త సంగతి కాదు. తాళమును ఒక్కడు ఒక్కమారు విప్పిన చాలును. విప్పిన ప్రతికి మరల తాళముండదు. దానికి ఎల్1 అక్కరలేదు, టీ2 అక్కరలేదు, 2.2వ కూర్పు తీగ అక్కరలేదు, ఏ బ్రౌజరని యడుగువాడు లేడు. పాత కంప్యూటరులోను, ఎల్3 ఫోనులోను, లినక్సులోను వరుస తగ్గకుండ ఆడును.

దీని ఫలితమును మా పాఠకులు నిదానముగ ఆలోచింపవలెను. చందా చెల్లించినవానికి 480 వరుసలు. దొంగిలించినవానికి 2160. తాళము ఎవరిమీద వేయబడినది? దొంగ ఇంటికి తాళము లేదు. నెలనెలకు వెల చెల్లించు గృహస్థుని ఇంటికే తాళము. అతడు మూర్ఖుడు కాడు. ఒక నెల, రెండు నెలలు చూచి, తన బిడ్డలు ప్రక్కయింట చూచివచ్చిన బొమ్మ తన యింటిదానికంటె మేలుగ నున్నదని తెలిసికొని, తానును ఆ తోవ త్రొక్కినచో ఆ పాపములో తాళము వేసినవారికిని భాగము కలదు. అట్లు త్రొక్కవలదనియే మా మాట. అయినను మాటతో ఆగువారెందరు?

సంగీతవర్తకులు ఈ పాఠమును ముందుగనే నేర్చిరి. యాపిలువారి అంగడిలో అమ్మిన పాటలకును ఒకప్పుడు ఇట్టి తాళమే యుండెను. 2007లో ఈఎంఐ వారు తమ పాటలను తాళము లేకుండ అమ్ముటకు ఒప్పుకొనిరి. 2009 జనవరిలో తమ అంగడిలోని పాటలన్నిటికిని తాళము తీయుచున్నామని యాపిలువారు ప్రకటించిరి. సంగీతవ్యాపారము దానివలన మునిగిపోలేదు. సినిమాలు పాటలవంటివి కావు, ఒకమారు చూచినవాడు మరల చూడడు గనుక భయ మెక్కువ యని నిర్మాతలు చెప్పవచ్చును. అందులో కొంత నిజ మున్నది. ఆ భయమునకు మందు మాత్రము ఇది కాదని పదియేండ్ల అనుభవము చెప్పుచున్నది.

లోకములో ఈ విషయమై చర్చ జరుగకపోలేదు. బ్రౌజరులలో ఈ తాళములు పనిచేయుటకు వలసిన ద్వారమును వెబ్‌యొక్క సాధారణ నియమములలో చేర్చవలెనా యని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియములో పెద్ద వాగ్వాదము జరిగెను. 2017లో జరిగిన వోటులో 108 సభ్యులు అనుకూలముగను, 57 మంది ప్రతికూలముగను నిలిచిరి. 20 మంది తటస్థులైరి. సెప్టెంబరు 18వ తేదీన అది నియమమైనది. తాళములలోని లోపములను వెదకు పరిశోధకులమీద వ్యాజ్యములు వేయమని తాళపువారు వాగ్దానము చేయవలెనని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను అడిగెను. ఆ చిన్న కోరికయు చెల్లలేదు. ఆ సంస్థ ఆనాడే సభ్యత్వమునకు రాజీనామా యిచ్చి వెలుపలికి వచ్చెను. వోటు వేసినవారిలో కంపెనీలు, విద్యాలయములు, సంఘములు కలవు. తెరముందు కూర్చుండు చందాదారునకు ప్రతినిధి యని చెప్పదగినవారు మిక్కిలి తక్కువ.

మన చట్టమేమనుచున్నది? 2012లో కాపీరైటు చట్టమునకు జరిగిన సవరణలో 65ఏ యను విధి చేరెను. హక్కులను భంగపరచు నుద్దేశముతో ఇట్టి తాళమును తప్పించినవానికి రెండేండ్లవరకు ఖైదు, జుల్మానా. ఉద్దేశముతో నను మాట ముఖ్యము. అమెరికాలో 1998లో చేసిన చట్టము తాళము ముట్టుటనే నేరముగ చూచుచుండగా, మన శాసనకర్తలు చట్టము నిషేధింపని పనికై తప్పించుట నేరము కాదని వ్రాసిరి. ఇది వివేకముగల పని. అయితే ఆ పనిలో మరియొకరికి సాయపడువాడు అట్లు సాయము పొందినవాని పేరు, చిరునామా, వివరములన్నియు వ్రాసి భద్రపరుపవలెనని కూడ విధించిరి. ఇట్టి పుస్తకము పెట్టుకొని సాయపడు మనుష్యుడు ఏ వీథిలో దొరకును? హక్కు కాగితముపై నున్నది. అక్కరకు వచ్చుట దుర్లభము.

తాళము సంగతి యట్లుండ, వెలకు తగిన సరకు సంగతి వేరు చట్టములో నున్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము, కొనుచున్న వస్తువుయొక్క, సేవయొక్క నాణ్యమును, పరిమాణమును, ప్రమాణమును, ధరను తెలిసికొను హక్కు కొనువానికి కలదని స్పష్టముగ చెప్పుచున్నది. తప్పుదారి పట్టించు ప్రకటనలను విచారించుటకు ఆ చట్టముక్రింద కేంద్రాధికార సంస్థ యొకటి 2020 జూలైలో ఏర్పడినది. 2160 వరుసలని అచ్చువేసి అమ్మి, కొనిన వాని యంత్రమునకు అంతకు తక్కువ వరుసలే పంపబడునని వెల పుచ్చుకొనుటకు ముందు చెప్పకుండుట ఆ సంస్థ దృష్టికి పోదగిన విషయమని మా యభిప్రాయము. ఏలయన చందాదారుడు ఏ యంత్రమునుండి డబ్బు చెల్లించుచున్నాడో సంస్థకు ఆ క్షణముననే తెలియును. తెలియకపోయిన తరువాత తక్కువ బొమ్మ పంపుట ఎట్లు సాధ్యము? తగ్గించునపుడు తెలిసిన సంగతి, వసూలు చేయునపుడు తెలియకుండుట వింత.

చెప్పి తగ్గించుట వారికి చేతకానిది కాదు. 2020 మార్చిలో, దేశమంతట జనులు ఇండ్లలో చిక్కువడి ఫోను కంపెనీల తోవలపై భారము హెచ్చినపుడు, స్ట్రీమింగు సంస్థలన్నియు కూడి, ఫోను ఇంటర్నెట్టులో 480 వరుసలకు మించి పంపమని, ఏప్రిల్ 14వ తేదీవరకు ఇది యమలులో నుండునని బహిరంగముగ ప్రకటించిరి. కారణము చెప్పిరి, గడువు చెప్పిరి. జనులు సహించిరి, గొణగినవా రెవ్వరును మాకు కనబడలేదు. అదే 480 వరుసలు తాళము పేర, కారణము చెప్పకుండ, గడువు లేకుండ వచ్చినపుడు సహింపవలసిన పని యేమి?

మేము కోరునది అత్యాశ కాదు. తాళములను రేపే పగులగొట్టుమనుట లేదు. నిర్మాతలు తమంతట తామే, సంగీతవర్తకులవలె, వాని నిష్ప్రయోజకత్వమును గ్రహించు దినము రాకపోదు. అంతవరకు తూకము సరిగ నుండవలెను. ఫోను, టెలివిజను, దానికి తగిలించు పెట్టె, వీనిని అమ్మువారు అట్టపెట్టెమీద అది ఏ తరగతి తాళమును కలిగియున్నదో తెలుగులోను, ఇంగ్లీషులోను అచ్చువేయవలెను. బిస్కత్తు పొట్లముమీద సైతము చేసినవాని పేరు, బరువు, గరిష్ఠధర అచ్చువేయవలెనని 2011 నియమములు విధించుచున్నవి. ఇరువదివేల రూపాయల ఫోనుమీద ఒక్క పంక్తి అధికమా? చందా పుచ్చుకొను సంస్థలు, చెల్లింపునకు ముందే, మీ యీ యంత్రమునకు ఇన్ని వరుసలు పంపుదుమని చెప్పవలెను. చెప్పినదానికంటె తక్కువ పంపిన నెలకు తక్కువ ధరయే పుచ్చుకొనవలెను. మధ్యలో నియమము మార్చి, నిన్న వచ్చిన బొమ్మను నేడు ఆపినచో, మిగిలిన కాలమునకు చందా తిరిగి యీయవలెను. అమ్మినపిదప ఎల్1 నెక్కించు పని పడినచో దాని ఖర్చును, శ్రమను కంపెనీయే భరింపవలెను గాని కొనినవాడు తపాలాఫీసు చుట్టు తిరుగరాదు.

ఈ భారము చవుక యంత్రములు కొనువారిమీదనే ఎక్కువగ పడుచున్నదని కూడ గమనింపవలెను. లక్షరూపాయల ఫోనులో ఎల్1 లేకపోవుట అరుదు. పాత టెలివిజనునకు తగిలించుకొన వచ్చునని సంతలో అమ్ముచున్న పేరులేని చవుక పెట్టెలలో పెక్కింటికి అది లేదు. పెట్టెమీద మాత్రము 4కే యని పెద్ద అక్షరములు.

మా పాఠకులలో చందాదారులైనవారు తమ యంత్రపు తరగతిని తామే తెలిసికొనవచ్చును. ఆండ్రాయిడ్ ఫోనులోని నెట్‌ఫ్లిక్స్ ఆప్‌లో సెట్టింగులు తెరచి, ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అనుచోట చూచినచో వైడ్‌వైన్ తరగతియు, ఆ ఫోనునకు రాదగిన గరిష్ఠపు బొమ్మయు కనబడును. ఇతర సంస్థల చందాదారులు డీఆర్ఎం ఇన్‌ఫో వంటి యుచితపు ఆప్‌తో ఆ తరగతినే చూచుకొనవచ్చును. క్రొత్త ఫోను కొనబోవువారు అంగడిలోనే, డబ్బు చెల్లింపకముందే, దుకాణదారుని ఎదుట నీ పరీక్ష చేయించుట మేలు. దుకాణదారునకు తెలియకున్న తెలిసికొనును. చెల్లించిన వెలకు తగిన బొమ్మ రాలేదని తేలినవారు తెరను ఫోటో తీసి, చందా రసీదుతో జతపరచి, 1915 అను జాతీయ వినియోగదారుల నంబరునకు ఫిర్యాదు చేయవచ్చును. అచ్చట పని జరుగనిచో జిల్లా వినియోగదారుల కమీషను కలదు. అయిదు లక్షల రూపాయలకు లోబడిన కొనుగోళ్లకు అచ్చట దావా రుసుము లేదు. పఠనమందిరముల కార్యదర్శులు ఇట్టి ఫిర్యాదులను ఒకచోట చేర్చి, ఏ యంత్రమునకు ఏ సంస్థ ఎన్ని వరుసలు పంపుచున్నదో పట్టికగ వ్రాసి పంపినచో, మా పత్రికలో స్థలమిచ్చి ప్రకటింతుము.